జీ అంటే ఏమిటి? జీ అంటే ఎవరు?

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఈ గుర్తు కొత్తేమీ కాదు. చిన్న ఊళ్ల పొలిమేరలో స్వాగతం బోర్డు మీద లయన్స్ క్లబ్బు, రోటరీ క్లబ్బు గుర్తుల పక్కనే ఇదీ కనిపిస్తుంది. సిగ్నల్ దగ్గర ముందు ఆగిన కారు వెనక స్టిక్కరుగానో, క్యూలో నిలబడ్డ పెద్దాయన ఉంగరం మీదనో కనిపిస్తుంది. కింద తాపీమేస్త్రీ వాడే మూలమట్టం, పైన కాళ్లు చాపిన కంపాస్, రెండింటి నడుమ ఇంగ్లీషు అక్షరం జీ. అది ఫ్రీమేసన్ల గుర్తు. మూసిన తలుపుల వెనక తమ తంతులు జరుపుకునే ఒక సోదర సంఘం వాళ్లది. మేసన్ అంటే రాతి పనివాడు.

మూలమట్టం, కంపాస్ సంగతి పెద్దగా విప్పి చెప్పక్కర్లేదు. రాతి పనివాళ్ల సంఘాల కట్టుబాట్లనీ పనిముట్లనీ అరువు తెచ్చుకుని ఎదిగిన సంస్థ కాబట్టి పనిముట్లే గుర్తులయ్యాయి. నడవడిక తిన్నగా ఉండాలని మూలమట్టం, కోరికల చుట్టూ గిరి గీసుకోవాలని కంపాస్. వాళ్లు చెప్పుకునే అర్థం ఇదే. చిక్కంతా మధ్యలో ఉన్న అక్షరంతోనే. అది పనిముట్టూ కాదు, బొమ్మా కాదు. అక్షరం అన్నాక ఏదో ఒక మాటకు పొడి అక్షరమై ఉండాలి. ఏ మాటకి?

అడిగితే మేసన్లు దాచరు. ఒకరు జామెట్రీ అంటారు, ఒకరు గాడ్ అంటారు, చాలామంది రెండూ అంటారు. ఇంటర్నెట్‌లో వెతికినా మొదట వచ్చే జవాబు ఇదే. జవాబు తప్పు కాదు గానీ, సగమే. రేఖాగణితమూ దేవుడూ ఒకే అక్షరంలోకి ఎలా వచ్చి చేరారు, వాళ్లలో ఎవరు ముందొచ్చారు, ఇంగ్లీషు రాని చోట ఈ అక్షరం ఏమైపోతుంది అన్నవి ఆ జవాబులో ఉండవు. అసలు కథ అక్కడే ఉంది.

1730 అక్టోబరులో లండన్‌లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే అతను ఒక చిన్న పుస్తకం వేశాడు. ఒకప్పుడు తానూ లాడ్జి సభ్యుణ్నేనని చెప్పుకుని, లోపల జరిగే తంతంతా ప్రశ్నలు, జవాబుల రూపంలో బయటపెట్టేశాడు. నెల తిరక్కుండానే అది మళ్లీ మళ్లీ అచ్చయింది. లాడ్జిలు మండిపడ్డాయి. అయితే కొత్తగా చేరిన మేసన్లు జవాబులు బట్టీ పట్టడానికి ఈ పుస్తకాన్నే చాటుగా వాడుకునేవాళ్లని ఆ సంస్థ చరిత్ర రాసినవాళ్లే ఒప్పుకుంటారు. మన పిల్లల గైడు లాంటిదన్నమాట.

లాడ్జి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన ఊళ్లలో లాడ్జి అంటే బస్టాండు పక్కన గది అద్దెకిచ్చే చోటు. ఇంగ్లండులో చర్చి కట్టేచోట రాతి పనివాళ్లు రాళ్లు చెక్కడానికి, కూడు తినడానికి, వానొస్తే తలదాచుకోవడానికి వేసుకున్న పాకకు ఆ పేరు. ఫ్రీమేసన్ల శాఖకు ఆ పాక పేరే నిలిచిపోయింది.

ఆ సంస్థలో మూడు అంచెలుంటాయి. చేరినవాడు మొదట శిష్యుడు, తర్వాత ఫెలో క్రాఫ్ట్, ఆ తర్వాత మాస్టర్. జీ అక్షరం ఎదురయ్యేది రెండో అంచెలో. ప్రిచర్డ్ పుస్తకంలో ఆ చోట మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

"నిన్ను ఫెలో క్రాఫ్ట్‌ని ఎందుకు చేశారు?"

"జీ అక్షరం కోసం."

"ఆ జీ అంటే ఏమిటి?"

"జామెట్రీ. అదే, ఐదో శాస్త్రం."

ఇక్కడితో ఆగితే తగువే లేదు. కానీ కొంచెం ముందుకు వెళ్లాక, బైబిల్లోని సాలమన్ రాజు గుడి మధ్యగదిలోకి మెట్లెక్కి వెళ్లినట్టు తంతులో చెప్పుకునే చోట అదే అక్షరం మళ్లీ వస్తుంది:

"మధ్యకు చేరాక ఏం చూశావు?"

"జీ అక్షరాన్ని పోలినది."

"ఆ జీ ఎవరు?"

"నీకంటే పెద్దవాడు."

"మేసన్‌ని, ఒక లాడ్జికి మాస్టర్‌ని. నాకంటే పెద్దవాడా? ఎవరతను?"

"ఈ విశ్వాన్ని ఊహించి కట్టిన మహాశిల్పి."

రెండు చోట్లా అక్షరం ఒకటే. మారింది ప్రశ్న. మొదటిసారి "ఏమిటి" అన్నారు, రెండోసారి "ఎవరు" అన్నారు. ఇంగ్లీషు మూలంలో కూడా అంతే, అక్కడ వస్తువును అడిగే మాట, ఇక్కడ మనిషిని అడిగే మాట. ఏమిటి అంటే శాస్త్రం, ఎవరు అంటే దేవుడు. జీ అసలు అర్థం జామెట్రీ అనీ, దేవుణ్ని తర్వాతెప్పుడో మతాభిమానులు అతికించారనీ కొందరు తేల్చిపారేస్తారు. 1730 పుస్తకంలోనే రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఆ వాదన అలా చెప్పినట్లు నిలవదు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే మాత్రం అందులో నిజం లేకపోలేదు.

మహాశిల్పి అన్న జవాబుకు అక్కడే ఇంకో ముక్క తగిలించి ఉంది: "పవిత్ర ఆలయ శిఖరం మీదికి తీసుకుపోబడినవాడు" అని. మత్తయి సువార్తలో సాతాను యేసును గుడి శిఖరం మీదికి తీసుకెళ్లి దూకమంటాడు కదా, అదే ఈ మాట. అంటే 1730 నాటి ఎవరు అన్న ప్రశ్నకు జవాబు పక్కా క్రైస్తవ జవాబు. ఇది గుర్తుపెట్టుకోవాలి, తర్వాత కలకత్తాలో పనికొస్తుంది.

ఇప్పుడు ఐదో శాస్త్రం సంగతి. పాత యూరప్ చదువుల్లో విద్యలు ఏడు: వ్యాకరణం, ప్రసంగకళ, తర్కం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. వరసలో ఐదోది రేఖాగణితం. రాతి పనివాళ్లకు మాత్రం అది మొదటిది, నిజానికి ఒకే ఒక్కటి. వాళ్ల పాత రాతప్రతుల్లో రెండు చాలా పేరున్నవి. మొదటిది 1390కీ 1425కీ మధ్య రాసిన 794 పాదాల పద్యం. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చాలాకాలం దాన్ని ఏదో నీతిపద్యం అనుకుని జాబితాలో పడేశారు. హాలివెల్ అనే పండితుడు అది రాతి పనివాళ్ల కట్టుబాట్ల పుస్తకమని గుర్తించి 1840లో అచ్చు వేయించాడు. దాని మొదటి వాక్యమే "యూక్లిడ్ చెప్పిన రేఖాగణిత కళకు సంబంధించిన కట్టడులు ఇక్కడ మొదలవుతున్నాయి" అని లాటిన్‌లో ఉంటుంది. యూక్లిడ్ అంటే జామెట్రీ పుస్తకం రాసిన పాత గ్రీకు పండితుడు. మేసన్రీ, అంటే రాతిపని, అన్నా జామెట్రీ అన్నా ఆ రాసినవాడికి ఒకటే.

అందులో కథ భలేగా ఉంటుంది. ఈజిప్టులో పెద్దింటివాళ్లకు పిల్లలు మరీ ఎక్కువైపోయారట. వాళ్లందరికీ బతుకుతెరువు చూపలేక తల్లిదండ్రులు టెన్షన్ పడి పండితుల్ని పిలిపించారట. యూక్లిడ్ వచ్చి, వీళ్లకు జామెట్రీ నేర్పిస్తాను, రాతిపని చేసుకుని గౌరవంగా బతుకుతారు అన్నాడట. ఇప్పటి మాటల్లో స్కిల్ డెవలప్‌మెంట్ అన్నమాట. ఆ తర్వాతి కాలపు రెండో ప్రతి, కుక్ రాతప్రతి అంటారు దాన్ని, ఇంకో అడుగు ముందుకేసి యూక్లిడ్‌ను ఏకంగా అబ్రహాముకు శిష్యుణ్ని చేసింది. ఇద్దరికీ మధ్య వెయ్యేళ్లకు పైనే తేడా. మన స్థలపురాణాల్లో ప్రతి ఊరి గుళ్లోనూ రాముడొచ్చి లింగాన్ని ప్రతిష్ఠించి వెళ్లినట్టే ఇదీ. కాలం లెక్కలు చూడకూడదు, పనికి పరువు తేవడానికి చెప్పిన కథ అది.

అదే కుక్ రాతప్రతి జామెట్రీ అన్న మాటను విడగొట్టి, గ్రీకులో జియో అంటే భూమి, రెండో ముక్కకు కొలత అని చెబుతుంది. మన బడిపుస్తకాల్లో దీన్నే జ్యామితి అంటాం. పైకి చూస్తే ఇంగ్లీషు మాటను చెవికి తగినట్టు సంస్కృతం చేసేశారనిపిస్తుంది. జ్యా అంటే వింటినారి, మితి అంటే కొలత, ఎలాగో సరిపెట్టారు అనుకుంటాం. కానీ అమరకోశం తీసి భూమి పేర్లు చదివితే "ధరా ధరిత్రీ ధరణిః క్షోణిర్జ్యా కాశ్యపీ క్షితిః" అని ఉంటుంది. క్షోణి పక్కనే జ్యా. భూమికి అదీ ఒక పేరే. అంటే జ్యామితి అన్నా జామెట్రీ అన్నా అక్షరాలా భూమి కొలతే. మొదటి శబ్దం కూడా జీకి కలిసొచ్చింది.

రాతి పనివాళ్లు ఈ శాస్త్రాన్ని అంత నెత్తిన పెట్టుకోవడం ఎందుకో తెలియాలంటే ఇంటికి ముగ్గుపోసే రోజు స్థలం దగ్గర నిలబడి చూస్తే చాలు. మేస్త్రీ ముందు రోడ్డు వైపు గోడకు దారం లాగుతాడు. మూల దగ్గర మేకు కొట్టి, అక్కణ్నించి పక్కగోడకు రెండో దారం లాగుతాడు. రెండు దారాలూ నిటారుగా కలిశాయా లేదా అన్నది కంటితో తేలదు. చేతిలో మూలమట్టం అడుగో అడుగున్నరో ఉంటుంది, ముప్పై అడుగుల గోడకు అది చాలదు. ఒక దారం మీద మేకు నుంచి 3 అడుగుల దగ్గర గుర్తు పెడతాడు. రెండో దారం మీద 4 అడుగుల దగ్గర. రెండు గుర్తుల మధ్య టేపు పట్టమంటాడు. సరిగ్గా 5 వస్తే మూల కలిసింది. అంగుళం తక్కువొచ్చినా ఎక్కువొచ్చినా మేకు పీకి దారం జరుపుతాడు. స్థలం పెద్దదైతే 6, 8, 10. ఏ బడిలోనూ చదవని మేస్త్రీకి కూడా ఈ లెక్క నోటికొచ్చు. మేస్త్రీ అన్న మాట పోర్చుగీసు వాళ్ల మెస్త్రె నుంచి వచ్చింది, అర్థం మాస్టర్. లాడ్జి పెద్దనూ మాస్టర్ అనే అంటారు.

ఆ 3, 4, 5 లెక్క వెనకున్నది యూక్లిడ్ మొదటి పుస్తకంలోని 47వ సిద్ధాంతం, మనం పైథాగరస్ సిద్ధాంతం అని బడిలో చదువుకున్నది. యజ్ఞవేదికలు కొలిచిన మన శుల్బసూత్రాల్లోనూ ఇదే ఉంది, శుల్బం అంటే తాడే. 1723లో జేమ్స్ ఆండర్సన్ రాసిన మేసన్ల మొదటి అచ్చు నిబంధనావళి ముఖచిత్రంలో, ఇద్దరు డ్యూకులు నిలబడి ఉన్న చోట నేల మీద ఈ సిద్ధాంతం బొమ్మే గీసి ఉంటుంది, కింద గ్రీకు అక్షరాల్లో యురేకా అని. ఇంగ్లండు లాడ్జిల్లో మాస్టరు పదవి ముగించినవాళ్లు మెడలో వేసుకునే పతకం మీద నేటికీ ఉండేది ఇదే బొమ్మ. చదువు కొద్దిమందికే అందిన కాలంలో నిటారు మూల తీయడం తెలిసినవాడికి పని దొరుకుతుంది, తెలియనివాడు రాళ్లు మోస్తాడు. రహస్యం అంటూ ఏదైనా ఉంటే అది ఇదే, కూటికి సంబంధించిన రహస్యం.

మరి ఎవరు అన్న ప్రశ్న ఎక్కడ దూరింది? 1717 జూన్ 24న లండన్ సెయింట్ పాల్ చర్చి ఆవరణలోని ఒక సారాయి అంగడిలో నాలుగు లాడ్జిలు కలిసి తమ అన్నిటికీ పైసంఘంగా గ్రాండ్ లాడ్జి ఏర్పాటు చేశాయని సంస్థ చెప్పుకునే చరిత్ర. ఆ తేదీ కాదు, 1721 అని ఈమధ్య కొందరు చరిత్రకారులు లెక్కలు తీశారు. ఏ సంవత్సరమైనా, ఆ బల్లల చుట్టూ చేరినవాళ్లలో రాయి చెక్కినవాళ్లు తగ్గిపోయి డాక్టర్లు, పాదిరీలు, ప్రభువులు పెరిగారన్నది ముఖ్యం. 1719లో గ్రాండ్ మాస్టర్, అంటే ఆ పైసంఘానికి పెద్ద, అయిన జాన్ దెజాగులియే శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యుడు, న్యూటన్ ప్రయోగాల్లో సహాయకుడు. గ్రహాలన్నీ లెక్క ప్రకారమే నడుస్తున్నాయని న్యూటన్ 1687లో రుజువు చేసి చూపించాడు. అంతటి లెక్క ఉందంటే లెక్క వేసినవాడూ ఉండాలి అన్నది ఆ తరం చదువుకున్నవాళ్ల నమ్మకం. ఆండర్సన్ అయితే ఆదాము గుండె మీదే జామెట్రీ రాసి ఉందని మొదలుపెడతాడు. రాయి చెక్కేవాడి చేతిలో ఉన్నంతకాలం జామెట్రీ ఏమిటి అన్న ప్రశ్నకే జవాబు. రాయల్ సొసైటీ వాళ్ల చేతికొచ్చాక అదే ఎవరు అన్న ప్రశ్నకూ జవాబైంది.

ఇంగ్లండు ఆచారం ఆ తర్వాత ఈ రెంటినీ ఒకే బిరుదులో కలిపి కుట్టేసింది. వాళ్ల మూడు అంచెల్లో దేవుడికి మూడు పేర్లు. మొదటి అంచెలో విశ్వానికి మహాశిల్పి, రెండో అంచెలో విశ్వానికి మహా జ్యామితికారుడు, మూడో అంచెలో సర్వోన్నతుడు. జీ కనిపించే రెండో అంచెలోనే దేవుడు జామెట్రీ మాస్టరు కావడం యాదృచ్ఛికం కాదు. ఏమిటి, ఎవరు అని విడివిడిగా అడగనక్కర్లేకుండా చేసిన అతుకు అది. అందంగా ఉంది, కానీ అతుకే.

అతుకు ఎక్కడుందో చూపించేది భాష. జీ అంటే దేవుడు అన్నది ఇంగ్లీషులో, జర్మన్‌లో, డచ్‌లో, స్వీడిష్‌లో కుదురుతుంది, ఆ భాషల్లో దేవుడి మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది. ఫ్రెంచిలో దేవుడు దియూ, స్పానిష్‌లో దియోస్, లాటిన్‌లో దేవుస్. అన్నీ డీ అక్షరమే. కానీ జామెట్రీ మాత్రం గ్రీకు నుంచి అన్ని భాషల్లోకీ అదే మొదటి అక్షరంతో వెళ్లింది. గ్రీకులో దేవుడు థెయోస్, జామెట్రీ గామాతో మొదలవుతుంది. పెద్ద గామా అక్షరం ఆకారం చూస్తే నిలువు గీతకు పైన అడ్డగీత, అచ్చం మూలమట్టమే. జీ అంటే జామెట్రీయేననడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం ఇంకొకటి చూపడం కష్టం. ఐదో శాస్త్రం ఏ దేశానికైనా ప్రయాణం చేయగలదు, దేవుడు మాత్రం ఇంగ్లీషు, దాని చుట్టపు భాషల రైలే ఎక్కాలి.

దీన్ని మించిన చిక్కు ఇంకోటుంది. ఆచారం ప్రకారం ఈ అక్షరం కనిపించేది సాలమన్ గుడి మధ్యగదిలో. సాలమన్ క్రీస్తుకు ముందు 10వ శతాబ్దం వాడు. అతని మనుషులకు ఇంగ్లీషు రాదు సరే, అసలు అప్పటికి లోకంలో జీ అక్షరమే లేదు. రోమన్లు మొదట్లో సీ అక్షరంతోనే రెండు శబ్దాలూ రాసుకునేవాళ్లు. క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలో సీకి ఒక చిన్న గీత తగిలించి జీ చేశారు. స్పూరియస్ కార్విలియస్ అనే బడిపంతులు చేశాడని పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ప్రిచర్డ్ పుస్తకంలోనే జీ గురించి ఒక చిన్న పద్యం ఉంది, "నాలుగు అక్షరాలు, ఐదో శాస్త్రం" అంటూ. నాలుగు అక్షరాల మాట బోయజ్, సాలమన్ గుడి స్తంభం పేరు. హీబ్రూలో రాస్తే అందులో మూడే అక్షరాలుంటాయి. నాలుగు లెక్కకు రావాలంటే ఇంగ్లీషులో రాయాలి. అంటే ఇదంతా లండన్‌లో, ఇంగ్లీషు నోళ్లలో తయారైన సరుకు. పాలస్తీనా నుంచి రాలేదు.

ఇది బయటివాళ్లు వేసే ఎగతాళి అనుకోనక్కర్లేదు. 19వ శతాబ్దంలో అమెరికా మేసన్లకు పెద్ద పండితుడైన ఆల్బర్ట్ మాకీ ఈ అక్షరాన్ని చూసి బాధపడ్డాడు. అసలు ఉండాల్సింది హీబ్రూ యోద్ అని, యెహోవా పేరులో మొదటి అక్షరం అదేనని, దాని చోట జీ వచ్చి కూర్చుందని అతని వాదన. ఈ గుర్తును సంస్థలోకి రానివ్వడమే విచారించాల్సిన సంగతి అని తన విజ్ఞానసర్వస్వంలో రాశాడు. యోద్ ముందుండేదనే వాదనకు గట్టి ఆధారం లేదు, అది మాకీ కోరిక మాత్రమే. జీ ఇంగ్లీషు సరుకేనన్న అతని ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

ఫ్రాన్సు మేసన్లకు ఈ బాధ లేదు. వాళ్లు జీని మండే నక్షత్రం మధ్యలో పెట్టి, తమ భాషలో ఆ అక్షరంతో మొదలయ్యే పెద్ద మాటలన్నీ దానికి తగిలించారు: జామెట్రీ, గురుత్వాకర్షణ, సృష్టి, ప్రతిభ, జ్ఞానం. ఫ్రెంచిలో ఇవన్నీ జీతోనే మొదలవుతాయి. దేవుడి మాటే ఆ జాబితాలో లేదు. 1877లో అక్కడి మేసన్ల పెద్ద సంఘమైన ఫ్రాన్సు గ్రాండ్ ఓరియంట్, సభ్యులు దేవుణ్ని నమ్మాలన్న షరతునే ఎత్తేసింది. దాంతో ఇంగ్లండు లాడ్జిలు వాళ్లతో రాకపోకలు తెంచుకున్నాయి, ఆ తెగతెంపు ఇంకా అలాగే ఉంది. ఎవరు అన్న ప్రశ్నను ఒకరు తీసిపారేస్తే, ఆ ప్రశ్న లేనిదే మేసన్రీయే లేదని ఇంకొకరు పట్టుబట్టారన్నమాట. అక్షరం మాత్రం రెండు చోట్లా వేలాడుతూనే ఉంది.

ఆ అక్షరాన్ని ఎక్కడ పెడతారన్న దాంట్లో ఇంగ్లండూ అమెరికా ఒకదానికొకటి ఎదురు. ఇంగ్లండులో జీ సాధారణంగా లాడ్జి గదిలో మధ్యన పైకప్పు నుంచి వేలాడుతుంది. బయట వాడే మూలమట్టం, కంపాస్ గుర్తులో చాలాసార్లు ఉండదు. అమెరికాలో తూర్పు దిక్కున మాస్టర్ కుర్చీ మీద ఉంటుంది, బయటి గుర్తులోనూ చాలామటుకు ఉంటుంది. రెంటి మధ్యలో దాన్ని ఇరికించే అలవాటు 19వ శతాబ్దం మధ్యలో నగలు చేసేవాళ్ల దగ్గర బలపడిందని చెబుతారు. ఉంగరం మీద మూలమట్టానికీ కంపాస్‌కీ నడుమ ఖాళీ చోటు ఉంది, కంసాలి కన్ను ఖాళీని ఊరుకోనివ్వదు. అలా పిన్నుల మీదా, ఉంగరాల మీదా దేశమంతా పాకింది. 1870ల్లో ఒక పిండిమిల్లు తన బస్తాల మీద మూలమట్టం, కంపాస్ గుర్తు వేసుకుంటానని ట్రేడ్‌మార్కు అడిగితే, ఇది మేసన్లదని లోకానికంతా తెలుసు కదా అని పేటెంట్ ఆఫీసు కాదనేసింది. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో జార్జి వాషింగ్టన్ పేరిట మేసన్లు కట్టిన స్మారక భవనం ముందు గుట్ట మీద ఈ గుర్తు విమానంలోంచి కూడా కనిపించేంత పెద్దది పరిచి ఉంది. మధ్యలో జీతో సహా.

కంటికి ఇంతగా ఆనే గుర్తుకు కట్టుకథలు అంటుకోకుండా ఎలా ఉంటాయి? ఇంగ్లీషు అక్షరమాలలో జీ ఏడోది, విద్యలు ఏడు, గ్రహాలు ఏడు అని సంఖ్యాశాస్త్రం వాళ్లు లెక్క చెబుతారు. ఏడో స్థానంలో మొదట ఉన్నది జెడ్, రోమన్లు దాన్ని తీసేసి ఆ ఖాళీలో జీని కూర్చోబెట్టారు, అంతే. మేసన్లు సాతానును కొలుస్తారన్న మాటకు పెద్ద ప్రచారకుడు లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత. ఏళ్ల తరబడి పుస్తకాల మీద పుస్తకాలు రాసి, 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, ఇన్నాళ్లూ చెప్పిందంతా నేనల్లిన బూటకమేనని నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు ఎవరికీ గుర్తులేదు, బూటకం మాత్రం ఇవాళ్టికీ యూట్యూబులో వ్యూస్ తెచ్చుకుంటోంది.

ఎవరు అన్న ప్రశ్న ఉత్తి తర్కంగా మిగలకుండా ఒక మనిషి బతుకులో ముల్లై గుచ్చుకున్నది మన దేశంలోనే. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే వ్యాపారి 1863లో లాడ్జిలో చేరతానని అడిగాడు. ముస్లింలకు, పార్సీలకు అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా 1770ల్లోనే తిరుచిరాపల్లిలో మేసన్ అయ్యాడు. హిందువుల దగ్గరికొచ్చేసరికి బెంగాల్ మేసన్ పెద్దలకు సందేహం పట్టుకుంది. వీళ్లకు దేవుళ్లు ఎందరో ఉన్నారు, ఒక్క మహాశిల్పిని నమ్ముతున్నామని వీళ్లు చేసే ప్రమాణానికి విలువేంటి అని. 1813లో ఇంగ్లండులో రెండు గ్రాండ్ లాడ్జిలు ఒకటయ్యాక ఆచారంలోంచి క్రైస్తవపు మాటలు చాలావరకు తీసేశారు. ప్రిచర్డ్ నాటి ఆలయ శిఖరం మాట అప్పటికి లేదు. పుస్తకంలోంచి పోయిన మాట మనుషుల మనసుల్లోంచి పోలేదు. ఒక్కడే అని హిందువూ అంటాడు, పేర్లే అనేకం అన్నది దత్ పక్షం. తొమ్మిదేళ్లు తిరిగి తిరిగి, 1872లో కలకత్తా యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో అతన్ని చేర్చుకున్నారు. పన్నెండేళ్ల తర్వాత, 1884 ఫిబ్రవరిలో, అదే లాడ్జిలో నరేంద్రనాథ్ దత్తా అనే కుర్రాడు చేరాడు. లోకం తర్వాత అతన్ని వివేకానందుడు అంది.

హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి మేసన్ల భవనం. కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన ఆ కట్టడం నిజాముల కాలంలో వాళ్ల చేతికొచ్చింది. తలుపులు మూసుకుని లోపల ఏం చేస్తారో తెలియక దేశంలో చాలా ఊళ్లలో ఇలాంటి భవనాలను జనం జాదూఘర్ అనేవాళ్లు. మంత్రాల కొంప అన్నమాట. లోపల నిజంగా వింత అనదగ్గది ఒకటుంది, అయితే అది మంత్రం కాదు. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది, మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు రజా అలీఖాన్. ఇక్కడి లాడ్జిల్లో ప్రమాణానికి ఒక్క బైబిలే కాదు, భగవద్గీత, ఖురాన్, గురుగ్రంథ్ సాహిబ్, పార్సీల జెండ్ అవెస్తా కూడా ఉంటాయి. చేరేవాడు తనకు పవిత్రమైన దాని మీద చెయ్యి వేస్తాడు. ఎవరు అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండానే అడగడం అన్నమాట.

ఈశ్వరుడు, అల్లా, వాహెగురు, అహుర మజ్దా. వీటిలో ఒక్క పేరూ జీతో మొదలవదు. ఆ పుస్తకాల్లో రెండింటికి మాత్రం, గీతకూ గ్రంథ్‌కూ, మొదటి అక్షరం అదే. అది ఎవరూ అనుకుని చేసింది కాదు.